ఇత్తడి మూత మీది బొట్టు

మొన్న దసరా నాడు మా మనుమడు కొత్తగా కొన్న కారును ఇంటి ముందర నిలబెట్టి, నాలుగు బిందెల నీళ్ళతో కడిగి, బంతిపూల దండ వేసి, బానెట్టు ఎత్తి, ఇంట్లో పెద్దవాణ్ణి నేనే కాబట్టి ఇంజనుకు మొదటి బొట్టు నేనే పెట్టాలని కుంకుమ పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పళ్ళెం అందుకున్నాను గాని చెయ్యి ముందుకు సాగలేదు. లోపల వద్దు, బయట పెడతానని బానెట్టు మూయించి, దాని నుదుటి మీద ఒక బొట్టు పెట్టి వచ్చేశాను. జీవితమంతా మోటార్ల మధ్య గడిపినవాడికి ఇంజనంటే ఈ భయమేమిటని పిల్లలు నవ్వారు. కోడలు చాదస్తం అన్నది, నాకు కూడా వినిపించేటంత గట్టిగా. ఈ వయసులో ప్రతిదానికీ సంజాయిషీ చెప్పుకునే ఓపిక ఎక్కడిది? వచ్చి మంచం మీద వాలి కళ్ళు మూసుకుంటే, యాభై ఏండ్ల కిందటి ఒక ఇత్తడి మూత ఎదురుగా వచ్చి నిలిచింది. అది కనబడిన రోజున నాకు అన్నం సయించదు.

నా ఈడువారికి ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తెల్లవాళ్ళ సీమలో రెండో యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మా ఊరు నారాయణఖేడ్‌కు అప్పుడు జిల్లా బీదరే. కచేరీలో రాతకోతలు ఉర్దూలో, సంతలో బేరాలు సగం కన్నడంలో, ఇంట్లో తిట్లు మాత్రం అచ్చమైన తెలుగులో నడిచేవి. మోటారు అన్నది ఊళ్ళోకి వస్తే దుమ్ము అణిగేదాకా జనం దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. అట్లాంటి ఊళ్ళో మా దొర పట్నం పోయి, ఎవరో నవాబు నడిపి నడిపి విసిగి అమ్మేసిన ఒక విలాయతి పందెపు మోటారును కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగు మూతి, ముదురాకుపచ్చ రంగు. మామూలు మోటారుకు పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ ఒకటి ఉంటే దీనికి రెండు. రెండింటికీ కలిపి పెట్రోలు నిలవ ఉండే ఇత్తడి గిన్నె ఒకటి, దాని మీద రెండు చిన్న మరలతో బిగించిన ఇత్తడి మూత ఒకటి. నేను దానికి డ్రైవరును. అప్పటికి నాకు ఇరవై ఆరేండ్లు, ఇద్దరు పిల్లల తండ్రిని, తలకు రుమాలు చుట్టుకొని ఆ మోటారు తోలుతుంటే నన్ను నేను దొరకంటే ఒక మెట్టు పైవాడిగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ మోటారునూ, దొర తోటలోని నూనె ఇంజనునూ చూసుకునే మిస్త్రీని ఊరంతా చాచా అని పిలిచేది, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. బీదరు నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డాడు. అరవై దాటినవాడు, పొట్టివాడు, గడ్డానికి గోరింటాకు పెట్టేవాడు, చేతులకు ఎప్పుడూ గ్రీజు. భార్య పోయింది, ఒక్కగానొక్క కూతుర్ని బీదరులోనే ఇచ్చాడు. మూరెడు పొడవు ఇనుప కడ్డీ ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాని ఒక కొసను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, కట్టెపిడి ఉన్న రెండో కొసను చెవి వెనుక ఎముకకు ఆనించుకొని, కళ్ళు మూసుకొని నిలబడేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి ఏ సిలిండరులో ఏం నొప్పి ఉందో చెప్పేవాడు. చెప్పింది తప్పిన రోజును నేను చూడలేదు. నాకు ఆయన మోటారు పనే కాదు, పని దగ్గర ఎట్లా నిలబడాలో నేర్పాడు. భోజనం వేళయిందని ఇంజనును సగంలో వదిలి లేస్తే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది, ఆ ఒక్క విషయంలో మాత్రమే వచ్చేది.

మోటారు వచ్చిన కొత్తలో ఒకసారి నిజంగానే దానికి జబ్బు చేసింది. డబ్బాల్లో వచ్చే పెట్రోలులో ఏదో మడ్డి చేరి, నడుస్తూ నడుస్తూ తుమ్మడం మొదలుపెట్టింది. చాచా ఆ ఇత్తడి గిన్నె మూత విప్పి, లోపలి మడ్డి కడిగి, పెట్రోలు చిమ్మే జెట్లు ఊది, పెట్రోలును మెత్తటి తోలులో వడపోయించాడు. అంతే, మరునాడు బండి బాణంలా పోయింది. ఆ సంతోషంలో నేను ఇంటికి పోయి, మా ఇంటిది బోరంచ నల్లపోచమ్మ గుడి నుంచి తెచ్చిన బండారి పసుపు, కుంకుమ తెచ్చి, ఏ చోట బండి బాగుపడిందో ఆ చోటనే, ఆ ఇత్తడి మూత నడిమధ్యన ఇంత పసుపు ముద్ద అద్ది దాని మీద కుంకుమ పెట్టాను. ఇంజను వేడికి ఎండి రాలిపోకుండా పసుపును నువ్వుల నూనెతో తడిపాను. అంతటి తెలివి నాది. ఆ నాటి నుంచి ప్రతి శుక్రవారం స్నానం చేసి వచ్చి పాత బొట్టు మీదనే కొత్త బొట్టు పెట్టేవాణ్ణి. పనిముట్టుకు మొక్కని చేతికి పని అచ్చిరాదని మా ఇంట్లో నేర్పిన మాట, ఆ మాటను నేను ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు.

అప్పటి నుంచి మొదలైంది. బండి ఊళ్ళో మెల్లగా తిరిగినంతసేపు పిల్లిలా ఉండేది. నిలబెట్టి ఇంజను తిప్పితే ఒక్క తాళం తప్పేది కాదు. ఊరు దాటి, రోడ్డు సాఫీగా కనిపించి, దొరకు వేగం మీద మనసు పుట్టి, యాక్సిలరేటరు మీద కాలు గట్టిగా పెట్టమన్నాడంటే మాత్రం ముందుకు ఉరకాల్సింది ఒక్క క్షణం తటపటాయించేది, మిస్సింగు కొట్టేది, కార్బొరేటరులోంచి టప్పుటప్పున వెనక్కి తుమ్మేది, ఎత్తుగా ఎక్కుడు వస్తే పూర్తిగా ఊపిరి వదిలేసేది. దిగి, బానెట్టు ఎత్తి, నాలుగు తిట్లు తిట్టి, బీడీ ఒకటి కాల్చి మళ్ళీ హ్యాండిలు తిప్పితే ఏమీ ఎరగనట్లు మొదలయ్యేది. రెండు మైళ్ళు పోయాక మళ్ళీ అదే కథ. కారు మీద ఎంత కోపం వచ్చినా తన్నడానికి మనసొప్పదు, అదొక బాధ.

చాచా వారం రోజులు దాని మీదనే కూర్చున్నాడు. ప్లగ్గులు విప్పి ఇసుక కాగితంతో తోమాడు. ఒక్కొక్క ప్లగ్గు తీగనే ఊడదీసి, ఏది తీస్తే శబ్దం మారుతుందో, ఏది తీస్తే మారదో చూశాడు. నాలుగింటికీ ఒకే తీరుగా మారింది, అంటే నాలుగూ బాగానే ఉన్నట్టు. నిప్పు రవ్వ నీలంగా, లావుగా పడుతున్నది. గాలి దొంగతనంగా ఎక్కడైనా చొరబడుతున్నదేమోనని అతుకులన్నిటికీ సబ్బు నురుగు రాసి చూశాడు. నాలుగు సిలిండర్లూ ఒకేసారి నీరసిస్తున్నాయంటే నిప్పుది కాదు తప్పు, తిండిది అని తేల్చుకొని పెట్రోలు దారి పట్టాడు. గొట్టం ఊదాడు, జెట్లు ఊదాడు, గిన్నె మూత ఎత్తి చూస్తే లోపల పెట్రోలు గుర్తు దాకా నిండుగా, చెరువులా నిలబడి ఉంది. మూత బిగించి మళ్ళీ రోడ్డు మీదికి తీసుకుపోతే రెండు మైళ్ళు గుర్రంలా పోయేది. కుదిరిందని మేము వెనక్కి వచ్చి దొరకు చెప్పేవాళ్ళం, ఆ మర్నాడు దొర ముందర అది మా ఇద్దరి పరువూ తీసేది.

"పెట్రోల్ ఉన్నది, నిప్పు ఉన్నది, గాలి ఉన్నది. ఇగ దీనికి ఏం గావాల్నో ఖుదాకే తెలుసురా" అన్నాడు ఒకనాడు, రేకుల షెడ్డు గుంజకు ఆనుకొని కూర్చొని. ఆయన గొంతులో అంత అలసటను నేను అంతకుముందు వినలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఈ కథంతా దాని మీదనే ఉంది. చాచా ఆ మూత విప్పిన ప్రతిసారీ ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవాడు. మరలు తీసి, మూతను అంచులు పట్టుకొని రెండు వేళ్ళతో ఎత్తి, శుభ్రమైన గుడ్డ ఒకటి పరిచి దాని మీద బొట్టు పైకి ఉండేటట్లు పెట్టేవాడు. దాన్ని ఎన్నడూ తిరగేయలేదు, తుడవలేదు, కిరసనాయిలులో ముంచలేదు. మిగతా సామానునంతా బేసినులో వేసి బ్రష్షుతో రుద్దే మనిషి, ఆ ఒక్క మూతను మాత్రం వేలి గ్రీజు అంటకుండా తీసి మళ్ళీ అట్లాగే పెట్టేవాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అది నా మొక్కు, నా అమ్మవారి కుంకుమ. దాని మీద తన చెయ్యి పడరాదని ఆయన అనుకున్నాడు. అది చూసి నాకెంత గర్వంగా ఉండేదో. మా చాచా అంటే ఎట్లాంటివాడో చూడండని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఆ చలికాలంలో బీదరు నుంచి తాలూక్దారు ఊళ్ళు తనిఖీ చేసే దౌరా మీద వచ్చాడు. మా తరం వారికి తాలూక్దారంటే ఎంతవాడో తెలుసు, కొత్తవాళ్ళకు కలెక్టరు అని చెబితే సరిపోతుంది. దొర ఆయనను తన పందెపు మోటారులో తిప్పి చూపిస్తానని పట్టుబట్టాడు. బండి సంగతి తెలిసి చాచా వద్దని చెప్పించాడు. దొర వినలేదు, వారం ముందు నుంచీ ఊరంతా చెప్పుకున్నాడు మరి. దొర తోలుతుంటే తాలూక్దారు పక్కన కూర్చున్నాడు, వెనుక సామాను పెట్టే చోట నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించుకొని కూర్చున్నాను. ఆ రోజు శుక్రవారం. అంత పెద్ద పని మీద పోతున్నాం గదా అని బొట్టు మామూలు కంటే ఇంత పెద్దదిగా పెట్టాను. బీదరు దారిలో మొదటి ఎక్కుడు సగం ఎక్కామో లేదో బండి దగ్గి, తుమ్మి, ఒక్కసారి పెద్దగా పేలి ఆగిపోయింది. తాలూక్దారు టోపీ ఎగిరి పోయి కందిచేలో పడింది. అది తెచ్చివ్వడానికి నేను చేలోకి దిగి వెతుకుతుంటే ఒక్కసారి నవ్వు వచ్చింది, ఆ తరువాత చాలా కాలం నవ్వు రాలేదు.

దొర ఎంత తిప్పినా అది కదలలేదు. తాలూక్దారు వాచీ చూసుకుంటూ ఎండలో నిలబడ్డాడు. చివరికి పక్కచేలో దున్నుతున్న రైతును పిలిచి, అతని ఎడ్ల జతకు తాళ్ళు కట్టించి, విలాయతి పందెపు మోటారును ఊళ్ళోకి ఈడ్పించుకొని రావలసి వచ్చింది. అది సంత రోజు. కంగ్టి నుంచి పత్తి బండ్ల మీద వచ్చినవాళ్ళు, మిరపకాయలు అమ్మేవాళ్ళు, గాజుల వాళ్ళు, అందరూ రెండు వరుసలుగా నిలబడి చూశారు. ఎవరూ పైకి నవ్వలేదు. దొర ముఖం చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. కాని ఆ నవ్వకపోవడమే ఆయనకు ఎక్కువ తగిలింది.

గడిలో, తన మేడ వాకిట్లో దిగుతూనే చాచాను పిలిపించాడు. చాచా కడ్డీ చేతిలో పట్టుకొని వచ్చాడు, బండిని చూస్తాననుకొని. దొర ఆయన వైపు చూడకుండా, అందరికీ వినబడేటట్లు, "ముసలోనికి చెవుడు వచ్చింది, గిసొంటోని చేతుల బండి పెడ్తే గింతే. ఇగ నువ్వు నా బండి ముట్టకు" అన్నాడు. చెవుడు అన్న ఆ ఒక్క మాట. పని పోయినందుకు చాచా అంత బాధపడి ఉండడు, ఆయన ముప్పై ఏండ్లుగా చెవితో బతికినవాడు. వాదించకుండా కడ్డీ చంకలో పెట్టుకొని వెనక్కి తిరిగాడు. ఎందుకంటే ఆయనకు కూడా అప్పటికే ఆ అనుమానం వచ్చేసింది. నాలుగో రోజున ట్రంకుపెట్టె ఒకటి ఎడ్ల బండిలో వేసుకొని బీదరులో కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. సాగనంపడానికి నేను ఊరి చివరి దాకా నడిచాను.

దొర పట్నం నుంచి వేరే మిస్త్రీని రప్పించాడు. వయసులో ఉన్నవాడు, ఖాకీ పంట్లాము, నోట్లో సిగరెట్టు, చేతిలో తోలుసంచీ. వచ్చీరాగానే ఇంజనునంతా పెట్రోలులో ముంచిన బ్రష్షుతో కడిగేశాడు. నా బొట్టు ఏమిటి, ఆ మూత ఏమిటి, అన్నీ ఒకే బేసినులో వేసి గీకి తీశాడు. వాడి చెయ్యి పట్టుకొని ఆపుదామనుకున్నాను గాని దొర పక్కనే ఉన్నాడు. వాడు ఏవో జెట్లు మార్చాడు, ఏదో తిప్పాడు, బండి మీద ఒక చుట్టు పోయి వచ్చి ఇక బాగయిందన్నాడు. సరిగ్గా ఆ సాయంత్రమే కంగ్టిలో మా చిన్నాయన పోయాడని కబురు వచ్చింది.

మైల పట్టాము. మూడోనాడు చిన్నాయన పేర పిట్టకు కూడు పెట్టి వచ్చేసరికి దొర మనిషి ఇంటి ముందర నిలబడి ఉన్నాడు. మైలలో ఉన్నానని చెప్పించాను. "మైల నీకు, బండికి గాదు. వచ్చి నడుపు" అని తిరుగు జవాబు వచ్చింది. పోయాను. నడిపాను గాని మైల మనిషిని కాబట్టి పూజ చేయలేదు, బొట్టు పెట్టలేదు. ఆ శుక్రవారం ఇత్తడి మూత బోసిగానే ఉంది. మైల తీరేదాకా ఆ బండి నడిచిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేను. బీదరు దారి, జహీరాబాదు దారి, ఎక్కుళ్ళు, పల్లాలు, ఎక్కడ కాలు పెడితే అక్కడ ఉరికింది, ఒక్క తుమ్ము లేదు, ఒక్క మిస్సింగు లేదు. దొర గాలికి కళ్ళు చిట్లించుకొని పసిపిల్లవాడిలా నవ్వాడు. పట్నం మిస్త్రీ గొప్పతనం ఊరంతా మోగింది, చాచా ముసలితనం కూడా దానితో పాటే మోగింది. నాకు కూడా ఒక్కోసారి, నిజంగానే చాచా పని అయిపోయిందేమోనని అనిపించింది. ఇది చెప్పుకోవడానికి నాకు బాధగా ఉంది గాని అనిపించిన మాట నిజం.

పదకొండోనాడు శుద్ధి స్నానం చేశాను. కొత్త బట్టలు కట్టుకొని, బాకీ పడిన మొక్కు తీర్చుకున్నట్లు, పసుపు నూనెతో కలిపి ఆ ఇత్తడి మూత మీద బాగా దట్టంగా అద్ది, కుంకుమ పెట్టి, దండం పెట్టి, కంగ్టి నుంచి దొర బంధువును తీసుకురావడానికి ఒక్కణ్ణే బయలుదేరాను. మూడో మైలురాయి దగ్గర బండి దగ్గింది. కాలు వదిలాను, మళ్ళీ నొక్కాను, తటపటాయించింది, తుమ్మింది, రోడ్డు పక్కకు జరిగి ఆగింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, చుట్టూ మనిషి లేడు. బానెట్టు ఎత్తి నిలబడితే ముందు కనిపించింది నా బొట్టే.

అప్పుడు ఒక్కొక్కటే లెక్క కుదిరింది. పది రోజులు బొట్టు లేదు, పది రోజులు జబ్బు లేదు. తాలూక్దారు వచ్చిన నాడు పెద్ద బొట్టు, ఆ నాడు పెద్ద జబ్బు. పక్కనున్న తుమ్మచెట్టు ముల్లు ఒకటి విరిచి, అమ్మవారిని తలచుకొని, ఆ కుంకుమ నడిమధ్యన గుచ్చాను. ముల్లు పసుపును దాటి లోపలికి దిగింది. తీయగానే సన్నగా సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. ఆ మూత మధ్యలో సూది మొనంత రంధ్రం ఒకటి ఉంది. గిన్నెలో పెట్రోలు తగ్గినకొద్దీ దాని గుండా గాలి లోపలికి పోతుండాలి. గొట్టంలో నీళ్ళు నింపి పై కొసను వేలితో మూస్తే కింది నుంచి నీళ్ళు కారవని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మెల్లగా పోతే ఆ ఉన్న గాలి సరిపోతుంది, ఉరికితే సరిపోదు. చాచా మూత ఎత్తినప్పుడల్లా గాలి తగిలి గిన్నె నిండేది, అందుకే ఎప్పుడు చూసినా నిండుగా కనబడేది. జబ్బును చూడడానికి మూత తీస్తే చాలు, జబ్బు దాక్కునేది.

నమ్మకం కుదరక అంచున మిగిలిన పసుపునే మళ్ళీ అద్ది నడిపాను, ఆగింది. ముల్లుతో తీసి నడిపాను, పోయింది. మూడుసార్లు చేశాను. ఆ తరువాత రుమాలు కొసతో నా బొట్టును నేనే తుడిచి, రోడ్డు పక్కన కూర్చొని చాలాసేపు ఏడ్చాను. పసుపును అద్దింది నేను. దాన్ని చెరపరాదని చూసుకున్నది చాచా. ఆయన అంత మర్యాద గలవాడు కాకపోయి ఉంటే, మొదటి రోజే ఆ మూతను బేసినులో వేసి రుద్ది ఉంటే, పది నిమిషాల్లో జబ్బు పట్టుకునేవాడు. తొలిసారి మడ్డి కడిగిన నాడు ఆ రంధ్రాన్ని ఆయన చూసే ఉంటాడు. దాని మీదికి నా అమ్మవారు వచ్చాక ఆ వైపు చూడడం మానుకున్నాడు.

ఆ రోజే పోయి దొరకు చెప్పవలసింది. చెప్పలేదు. తన పరువు సంతలో తీసింది నేనేనని తెలిస్తే దొర ఏం చేస్తాడో నాకు తెలుసు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన తల్లి, మూడోసారి కడుపుతో ఉన్న భార్య. ఇవన్నీ నిజమే, కాని ఇవి నేను తరువాత పేర్చుకున్న కారణాలు. అసలు కారణం భయం, అంతకంటే గొప్ప పేరు దానికి లేదు. అప్పటి నుంచి బొట్టు బానెట్టు నుదుటి మీదనే పెట్టాను. బండి బాగా నడిచింది, పేరు పట్నం మిస్త్రీకి పోయింది, నా కొలువు నిలిచింది.

ఎండాకాలంలో దొర పని మీద బీదరు పోయినప్పుడు చాచాను వెతుక్కుంటూ వెళ్ళాను. ఈసారి చెప్పేయాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. కూతురి ఇంటి అరుగు మీద గోనెసంచి పరుచుకొని కూర్చొని, కిరసనాయిలు స్టవ్వులు బాగుచేస్తున్నాడు. సామానంతా అమ్మేశాడట, ఇక మోటార్ల జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడట. చేతిలో పిన్ను పట్టుకొని, కళ్ళ దగ్గరగా పెట్టుకొని స్టవ్వు రంధ్రంలో గుచ్చుతున్నాడు. ఆ పిన్నును చూసేసరికి నేను కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది. పిల్లలెట్లున్నారని అడగలేదు, మొదట బండి సంగతే అడిగాడు.

"నడుస్తుందట గదా. ఏం దొరికిందిరా గాడ?" అన్నాడు.

"జెట్టుల చెత్త ఉండె చాచా" అన్నాను. నా నోరే ఆ మాట అన్నది.

ఆయన పిన్ను కింద పెట్టాడు. "ఏడుసార్లు తీసి చూసిన గదరా ఆ జెట్టు. దొర జెప్పిందే సచ్. నా కండ్లు పోయినయి, చెవులు గూడ పోయినయి" అని, లోపలికి పోయి ఆ ఇనుప కడ్డీని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అమ్మడానికి మనసు రాక దాచాడట. ఇగ నాకెందుకు, నీ చెవులు బాగున్నయి, నువ్వు ఉంచుకో అన్నాడు. నేను లేచి వస్తుంటే వెనుక నుంచి పిలిచాడు. "బండికి బొట్టు పెడ్తున్నవా?" అన్నాడు. పెడ్తున్న అన్నాను. "పెట్టు, మానకు. ఎన్నిసార్లు ఇప్పినా దాన్ని నేను చెరగనియ్యలే" అన్నాడు, అదొక్కటి తాను సరిగ్గా చేశానని తృప్తిపడుతున్నట్లు.

నేను తల ఊపి వచ్చేశాను. మళ్ళీ పోయినప్పుడు చెబుదామనుకున్నాను. తరువాత పెట్రోలుకు రేషను వచ్చింది, పందెపు మోటారు షెడ్డులో మూలపడింది, బీదరు పోవడం తగ్గింది. ఒకసారి పోయేసరికి ఆ అరుగు మీద వేరేవాళ్ళు ఉన్నారు. ముసలాయన పోయి రెండేండ్లయిందని, కూతురి కుటుంబం ఎటో తరలిపోయిందని చెప్పారు. ఆ వెనుక రాజ్యం మారేటప్పుడు మా ప్రాంతం పడిన అవస్థలు మీకు తెలియనివి కావు, అందులో ఎవరు ఎటు పోయారో వెతికే ఓపిక ఎవరికీ మిగలలేదు. నేను సర్కారు బస్సులు తోలి, పింఛను పుచ్చుకొని ఇదిగో ఇట్లా మంచం మీద ఉన్నాను. ఎన్నో ఇంజన్లను ఆ కడ్డీతోనే విన్నాను. పని తెలిసినవాడని నాకు పేరు వచ్చింది. ఆ పేరు ఎవరన్నప్పుడల్లా నాకు అలసటగా ఉండేది.

దసరా తెల్లవారి మా మనుమడి కారుకు ఏదో చూడాలని ఊళ్ళోని మెకానిక్కు పిల్లవాడు వచ్చాడు. నేను వద్దన్నా తరువాత కోడలు లోపల ఎక్కడో బొట్టు పెట్టే ఉన్నది. వాడు పాటేదో పాడుకుంటూ మసిగుడ్డతో దాన్ని ఒక్క తుడుపు తుడిచి తన పని చూసుకున్నాడు. తుడిచినట్లు వాడికి తెలియను కూడా తెలియదు, తప్పు పట్టవలసింది ఏమీ లేదు, కారు బాగానే నడుస్తున్నది. ఇప్పటి ఇంజన్లలో ఆ గిన్నెలు నల్లటి డబ్బాల కింద దాగి ఉంటాయట, ఎన్ని బొట్లు పెట్టినా వాటికి ఊపిరాడుతుందట. మంచిదే. అయినా ఇంకొకరి బొట్టు చెరుగుతుందని చేతులు కడుక్కొని వచ్చే మిస్త్రీని నేను మళ్ళీ చూడలేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు.

వాడు పోయాక కడ్డీ తీసుకొని పోయి, కారు మొదలుపెట్టించి, ఇంజనుకు ఆనించి చెవికి పెట్టుకున్నాను. ఏమీ వినబడలేదు. ఇంజను సరిగ్గానే ఉంది, నాకే నాలుగేండ్లుగా చెవులు సరిగ్గా పనిచేయడం లేదు. చాచాకు మాత్రం ఆ రోజుల్లో చెవులు బాగానే పనిచేసేవి. ఈ ఒక్క మాట ఆయన బతికి ఉండగా, ఆ అరుగు మీద కూర్చొని ఉండగా చెప్పవలసింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.